నెట్ మీటరు గారికి బహిరంగ లేఖ

సోలార్ ఇంటి నుంచి బయటికి ఇచ్చిన కరెంటునూ, బయటి నుంచి పుచ్చుకున్న కరెంటునూ లెక్కగట్టే మహారాజశ్రీ నెట్ మీటరు గారికి, నరసన్నపేట నుంచి ఒక గృహస్థు నమస్కరించి వ్రాయునది.

మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు బిగించారు, బ్యాంకు వాయిదా మొదలైంది, ఎండ కూడా ఎవరి సంతకం కోసమూ ఆగకుండా పొద్దున్నే వచ్చేస్తోంది, తమరొక్కరే దయచేయలేదు. తమరు గోడకెక్కితే గాని ఇన్వర్టరు ఆన్ చేయరాదట. ప్యానెళ్ల మీద దుమ్ము పడితే ఉత్పత్తి తగ్గుతుందని వెండరు హెచ్చరించాడు గనుక, మొదలే కాని ఉత్పత్తి తగ్గిపోకుండా పావురాల రెట్టను వారం వారం శ్రద్ధగా కడుగుతున్నాము.

స్టాకు లేదని కొందరు, ట్రాన్స్‌ఫార్మరు చాలదని మరికొందరు అంటున్నారు గాని, తమ మొహమాటం నాకు అర్థమైంది. స్లాబుల లెక్కలో ఎక్కువ యూనిట్లు కాల్చేవాడే యూనిట్‌కు ఎక్కువ రేటు కడతాడు. తక్కువ వాడేవారి రాయితీలో కొంత అతని బిల్లు మీదే నడుస్తుంది. డాబా ఉన్నవాడూ, ప్యానెళ్లు కొనగలవాడూ సాధారణంగా అతనే. అతను సొంత కరెంటు చేసుకుని చేజారితే పంపిణీ సంస్థకు రాబడి పోతుంది, థర్మల్ కేంద్రాలతో కుదుర్చుకున్న దీర్ఘకాలిక ఒప్పందాల ప్రకారం కరెంటు తీసుకున్నా, తీసుకోకపోయినా కట్టవలసిన ఫిక్స్‌డ్ చార్జీలు మాత్రం పోవు. ఇచ్చినదీ పుచ్చుకున్నదీ రెండూ రాసిపెట్టే తమరిని కొత్త అల్లుడిలా పిలుచుకురమ్మంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

బొగ్గు కోసమైతే మా శ్రీకాకుళం జిల్లాలో ఇంత నిదానం ఎవరూ చూడలేదు. థర్మల్ కేంద్రాలు వద్దన్నందుకు 2010 జులైలో సోంపేట బీల (చిత్తడి నేలలు) దగ్గర, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలే పోయాయి. గాలికీ ఎండకీ మర్యాద వేరు: 2019లో రాష్ట్ర ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను తిరగదోడింది, ఒప్పుకున్న ధరే ఇవ్వాలని 2022 మార్చిలో హైకోర్టు చెప్పవలసి వచ్చింది. అంతకాలం కొత్తగా పెట్టుబడి పెట్టేవాడు ఎవరి మాట నమ్మాలో తమరే సెలవియ్యండి.

ఇక మా అబ్బాయి ఎలక్ట్రిక్ స్కూటరు కొంటానని కూర్చున్నాడు. బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో కిలోవాట్-అవర్‌కు 15,000 రూపాయలున్న కేంద్ర రాయితీ 2023 జూన్‌లో 10,000కు, 2024లో 5,000కు దిగింది; వాడు ఆలోచించిన కొద్దీ అది తరుగుతోంది. ఇంటి మీది కరెంటుతో చార్జి చేసుకోవచ్చన్న ఒక్క ఆశ మీదే ఉన్నాడు. అడ్వాన్సు కట్టమనాలో, బంకుకు వెళ్లి ట్యాంకు నింపుకోమనాలో తేల్చి చెప్పాలి కాబట్టి, తమరు దయచేసే తేదీ ఒక్కటి తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక వినియోగదారుడు