ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కొనకండి

నిన్న విజయవాడ గవర్నర్‌పేటలో జిరాక్స్ షాపు దగ్గర మా జూనియర్ కలిశాడు. చేతిలో స్పైరల్ బైండింగ్ చేయించిన ప్రాజెక్టు రిపోర్టు. "అన్నా, ఎనిమిది వేలు ఇచ్చాం. కోడ్, రిపోర్టు, పీపీటీ అన్నీ ప్రాజెక్టులు అమ్మేవాళ్లే ఇచ్చేశారు. వైవాలో ఏం అడుగుతారో కూడా చెప్పారు" అన్నాడు. వాడిని ఒక్క మాట అనలేదు. కానీ ఇంటికొచ్చాక కూడా మనసు కుదుటపడలేదు.

ఫైనల్ ఇయర్‌లో మేం నలుగురం త్రీడీ గేమ్ చేస్తామంటే మా గైడ్ "గేమ్ ఎందుకురా, ప్రెడిక్షన్ ఏదైనా పెట్టుకోండి, తొందరగా అయిపోతుంది" అన్నారు. మేం పట్టు వదల్లేదు. 2024 సెప్టెంబరు వరదల్లో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దుకున్నాయి కదా, ఆలోచన అక్కడ పుట్టింది. తాడు తెగిన పడవను బ్యారేజీకి తగలకుండా ఒడ్డుకు చేర్చాలి. అంతే గేమ్. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడాట్ ఇంజిన్ తీసుకున్నాం. డబ్బు కట్టక్కర్లేదు, మా పాత లాప్‌టాప్‌లలో కూడా నడుస్తుంది.

ఎడమ బాణం నొక్కితే పడవ ఉన్నచోటే తిరగాలి. మాది మాత్రం గుంజకు కట్టేసిన గేదెలా నది మధ్యలో ఒక చోటు చుట్టూ ప్రదక్షిణ చేసేది. రెండు రోజులు అర్థం కాలేదు. చివరికి తేలిందేంటంటే, పడవను ముందు జరిపి తర్వాత తిప్పుతున్నాం. దాంతో అది తన చుట్టూ తాను కాకుండా మ్యాప్‌లో సున్నా ఉన్న చోటు చుట్టూ తిరుగుతోంది. ఆ రెండింటి వరస మార్చగానే సరిపోయింది. జరపడం ఒక మాత్రిక (మ్యాట్రిక్స్), తిప్పడం ఇంకో మాత్రిక. రెండు మాత్రికలను ఏ వరసలో గుణించామన్నది ముఖ్యమని ఫస్ట్ ఇయర్ మ్యాథ్స్‌లో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే నేను. ఎందుకు ముఖ్యమో ఆ పడవ చెప్పేదాకా తెలియదు. క్లాసులో ఒక్కరోజు, ఒక్క డబ్బా బొమ్మను స్క్రీన్ మీద తిప్పి చూపిస్తే ఎంతమంది పిల్లలకు లెక్కలంటే భయం పోయేదో!

తర్వాత గేట్లు. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. మా టీమ్‌లో మోడలింగ్ చేసే అమ్మాయి గుంటూరు నుంచి రోజూ ట్రైన్‌లో వచ్చేది. ఒక్కో రివెట్‌తో సహా గేటును బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఎంతో ప్రేమగా చేసింది. కంప్యూటర్ త్రీడీ బొమ్మను చిన్న చిన్న త్రిభుజాలుగా గీస్తుంది, ఆ గేటుకు 42,000 త్రిభుజాలు. 70 గేట్లకు 29 లక్షల పైచిలుకు. పడవ బ్యారేజీ వైపు తిరగగానే గేమ్ సెకనుకు తొమ్మిది ఫ్రేములకు, అంటే తొమ్మిది బొమ్మలకు, పడిపోయింది. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో బొమ్మ గీయడానికి దొరికేది 16 మిల్లీసెకన్ల పైన కాస్త, అంతే. గేట్లు తగ్గిద్దామంటే ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "బ్యారేజీ అంటే 70 గేట్లే" అంది. ఆ మాటే మాకు సగం గ్రాఫిక్స్ నేర్పింది. రివెట్లను త్రిభుజాలుగా కాకుండా ఉపరితలం మీద బొమ్మగా వేశాం, గేటు 600 త్రిభుజాలకు దిగింది. ప్రాసెసర్ గ్రాఫిక్స్ చిప్‌కు ప్రతి గేటు గురించీ విడివిడిగా చెప్పకుండా, ఈ ఒక్క గేటునే ఈ 70 చోట్ల గీయి అని ఒక్కసారే చెప్పేలా మల్టీమెష్ వాడాం. పడవ బ్యారేజీ వైపు తిరిగినా గేమ్ ఆగలేదు. ఆ రాత్రి హాస్టల్ వరండాలో మేం అరిచిన అరుపుకు వార్డెన్ లేచొచ్చాడు.

ఇంకా చాలా ఉన్నాయి. ఫ్రేముకు ఇంత దూరం అని కదిపితే వేగంగా నడిచే లాప్‌టాప్‌లో పడవ రాకెట్‌లా దూసుకుపోయింది, వేగాన్ని ఫ్రేముకు పట్టిన కాలంతో గుణించాలని అప్పుడు తెలిసింది. ఒకే సీన్ ఫైల్‌ను ఇద్దరం ఒకేసారి మార్చి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే గిట్‌లో కలపబోయి, ఆ అమ్మాయి రెండు రోజుల పని నేను పోగొట్టాను. సారీ చెప్పినా తిరిగిరాదు. ఆ తర్వాత గట్లు, గేట్లు, పడవ వేరువేరు సీన్లుగా విడగొట్టుకున్నాం.

కానీ నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది నాలుగోవాడి సంగతి. వాడికి కోడ్ రాయడం అంతగా రాదు. వాళ్లది కృష్ణలంక, చిన్నప్పటి నుంచి నదిని చూస్తూ పెరిగాడు. మా గేమ్‌లో నీళ్లు అన్నిచోట్లా ఒకే తీరుగా పోతుంటే వాడే ఆపాడు. "నీళ్లు అలా పోవురా, తెరిచిన గేటు వైపు లాగుతాయి" అన్నాడు. కాగితం మీద బాణాలు గీసిచ్చాడు. దాన్ని బట్టి లాగుడు రాశాక గేమ్‌కు ప్రాణం వచ్చింది. ఏ గేటు తెరిచి ఉందో చూసుకుంటూ పడవ నడపాల్సి వచ్చింది. వైవాలో వాడిని అడిగింది ఒక్కటే: "నువ్వు ఎన్ని లైన్లు రాశావు?" మా ముగ్గురి కంటే వాడికి తక్కువ మార్కులు. పక్క బెంచీలో కొనుక్కొచ్చిన ప్రాజెక్టుకు వాడికంటే ఎక్కువ.

దయచేసి మేడమ్స్, సార్లు, గిట్ హిస్టరీ తెరిచి చూడండి. ఏ రోజు ఏం చెడిపోయింది, ఎవరు ఎలా బాగుచేశారు అని అడగండి. కొన్నవాడికి ఆ కథ ఉండదు, పది నిమిషాల్లో తేలిపోతుంది. థర్డ్ ఇయర్‌లోనే మొదలుపెట్టించండి, చివరి సెమిస్టర్‌లో మూడు నెలలు ఏమూలకూ చాలవు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంకా డబ్బు కట్టనివాళ్లు ఉంటే ఆదివారం పొద్దున్నే మెసేజ్ పెట్టండి. మా గేమ్ కోడ్ ఇవ్వను. పక్కన కూర్చుంటాను, డబ్బా బొమ్మ తిప్పడం దగ్గర మొదలుపెడదాం.