షాపులో చేరేముందు హాజరు లెక్క చూసుకోండి

కాలేజీలో చదువుకుంటూ షాపుల్లో పార్ట్‌టైమ్ పని చేసేవాళ్లు టైమ్ టేబుల్ వేసుకుంటే చాలంటుంటారు. అసలు తేడా కొట్టేది హాజరు దగ్గర. జేఎన్‌టీయూ ఇంజినీరింగ్‌లో 75 శాతం ఉండాలి. 65 దాటితే సరైన కారణం చూపి, కండోనేషన్ ఫీజు (తగ్గిన హాజరును మన్నించడానికి కట్టేది) కట్టి గట్టెక్కొచ్చు. 65 కన్నా తగ్గితే డిటెన్షనే, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. సెమిస్టర్‌కి 90 పనిదినాలనుకుంటే పోగొట్టుకోగలిగేది 22 రోజులు. జ్వరాలకీ పెళ్లిళ్లకీ ఓ పది తీసేయండి, ఇక మిగిలేదెంత? పైగా ల్యాబ్ ఉన్న మధ్యాహ్నం ఎగ్గొడితే ఒకేసారి మూడు పీరియడ్లు పోతాయి, రికార్డులో సంతకమూ ఆగుతుంది.

నెల్లూరు, ఒంగోలు బట్టల షాపుల్లో సాయంత్రం 5 నుంచి 9 అంటారు. షట్టర్ దించాక విప్పిన చీరలన్నీ మడతేసి, కౌంటర్ లెక్క అప్పజెప్పేసరికి పదవుతుంది. కావలి, కందుకూరు వైపు వెళ్లేవాళ్లు ఆఖరి బస్సు టైము కనుక్కున్నాకే ఒప్పుకోవాలి. స్టూడెంట్ పాస్ ఇంటికీ కాలేజీకీ మధ్య రూట్‌కే. షాపు వేరే దారిలో ఉంటే టికెట్ డబ్బులు జీతంలోంచే. (ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి వచ్చాక ఆడపిల్లలకి పల్లెవెలుగులో ఆ బాధ లేదు.)

దసరా నుంచి సంక్రాంతి దాకా సీజను, సెలవడిగితే ముఖం చిట్లిస్తారు. రెండో మిడ్‌కి చదివే టైము దొరక్కపోవచ్చు, కాబట్టి మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీలోనే పెట్టే పరీక్ష) గట్టిగా రాసేయండి. ఏపీ జేఎన్‌టీయూల్లో రెండు మిడ్‌లలో ఎక్కువ మార్కులొచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతమే వెయిటేజీ. నన్నడిగితే షాపు కన్నా పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్పుకోవడం నయం. కాకపోతే ఏ నెల ఫీజు ఆ నెల మొదట్లోనే తీసుకోవాలి, పబ్లిక్ పరీక్షలయ్యాక బాకీ వసూలు కాదు.