నిద్రపోయింది ఒక్కడేనా?

ఎక్కడ ప్రమాదం జరిగినా మనకు ముందు వినిపించే మాట ‘మానవ తప్పిదం’. ఆ మాట వచ్చిందంటే విచారణ సగం అటకెక్కినట్టే. డ్రైవరో, సరంగో, కింది ఉద్యోగో ఒకడు దొరుకుతాడు, సస్పెండ్ చేస్తారు, ఫైలు మూస్తారు. దీనివల్ల ఎంత నష్టమో తెలియాలంటే ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ కథ తెలుసుకోవాలి.

కార్లనూ లారీలనూ కూడా ఎక్కించుకునే ఫెర్రీ అది. 1987 మార్చి 6 సాయంత్రం బెల్జియంలోని జీబ్రగ్ రేవు నుంచి ఇంగ్లండ్‌లోని డోవర్‌కు బయల్దేరింది. ముందువైపు తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. వేగం పెరగగానే కార్ల డెక్కు మీదికి నీళ్లు దూసుకొచ్చాయి. నిమిషంన్నరలో ఓడ పక్కకు ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. తలుపులు మూయాల్సిన ఉద్యోగి తన క్యాబిన్‌లో నిద్రలో ఉన్నాడు.

మన దగ్గరైతే కథ ఇక్కడే ముగిసేది. బ్రిటన్ జడ్జి జస్టిస్ షీన్ విచారణ మాత్రం ఇక్కడే మొదలైంది. కెప్టెన్ నిలబడే బ్రిడ్జి నుంచి ఆ తలుపులు కనబడవు. ఎవరూ వచ్చి ఇబ్బంది ఉందని చెప్పకపోతే అంతా సిద్ధమనుకుని బయల్దేరడమే అక్కడి అలవాటు. తలుపులు పడ్డాయో లేదో చూడాల్సిన అధికారిని అదే సమయానికి బ్రిడ్జి మీదా ఉండమన్నారు. ఒకే మనిషి రెండు చోట్ల ఎలా ఉంటాడు? పైగా ఆలస్యం కాకూడదని ఆఫీసు నుంచి ఒత్తిడి.

నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఒక లైటు సంగతి. 1983లోనే ఆ ఫెర్రీ నడిపిన కంపెనీదే ఇంకో ఓడ ఇలాగే తలుపులు తెరుచుకుని సముద్రంలోకి వెళ్లింది, కారణం కూడా అదే నిద్ర. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. తర్వాత కెప్టెన్లు అడిగిందల్లా తలుపులు పడ్డాయో లేదో బ్రిడ్జి మీద చూపించే చిన్న లైటు. మనిషి మెలకువగా ఉన్నాడో లేదో చెప్పడానికి కూడా లైటు కావాలా అని ఆఫీసులో వెటకారం చేశారు. ఓడ మునిగాక మిగతా ఓడలకు అవే లైట్లు రోజుల్లో బిగించారు.

పైనుంచి కింది దాకా కంపెనీ మొత్తానికి అలసత్వమనే జబ్బు పట్టిందని షీన్ రాశారు. సముద్ర రవాణాను ప్రపంచమంతటా మార్చిన ఐఎస్ఎం కోడ్‌కు (ఓడల భద్రత నిర్వహణకు అంతర్జాతీయ నియమావళి) దారి తీసిన ప్రమాదాల్లో ఇది ముఖ్యమైనది. 1998 నుంచి అమల్లోకి వచ్చిన ఆ కోడ్ ప్రకారం ఓడలో ఏ లోపమున్నా నేరుగా కంపెనీ పెద్దలతో మాట్లాడగల ఒక అధికారి ఒడ్డున ఉండాలి. త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని కూడా కంపెనీకి తెలియజేయాలి.

వ్యవస్థదే తప్పంటే మనుషులు తప్పించుకుంటారని కొందరి వాదన. 2012లో 32 మందిని బలిగొన్న ఇటలీ విహార నౌక కోస్టా కాంకోర్డియా కెప్టెన్‌కు 16 ఏళ్ల జైలు పడింది, పడాల్సిందే. కింది మనిషిని వదిలేయమని నేను అనడం లేదు. లైటు ఇవ్వనన్న వాడిని కూడా బోనులో నిలబెట్టమంటున్నాను.

ఇక మన సంగతి. 2017 నవంబర్‌లో పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో, 2018 మేలో మంటూరు దగ్గర గోదావరిలో, 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర మళ్లీ గోదావరిలో... రెండేళ్లు తిరక్కుండా మూడు పడవలు మునిగాయి. ఇవి సముద్రం కావు, నిజమే. కానీ జబ్బు అదే. ఒక రేవులో నేర్చుకున్నది ఇంకో రేవుకు చేరదు. నడి ఏట్లో ఇంజిన్ ఆగి మళ్లీ స్టార్ట్ అయితే, గండం గడిచిందని కొబ్బరికాయ కొట్టి ఊరుకుంటాం. ఎందుకు ఆగిందో అడగం. అడిగే సరంగుకు రేపు పని ఉంటుందన్న నమ్మకం లేదు. బస్సు బ్రేకులు సరిగా లేవని చెప్పే డ్రైవర్‌దీ, ఫ్యాక్టరీలో వాల్వు కారుతోందని చెప్పే కాంట్రాక్టు కార్మికుడిదీ ఇదే టెన్షన్.

మంటూరులో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో గోదావరి మీద లాంచీ నడిపే ప్రతి సరంగుకూ తెలుగులో, నాలుగు పేజీల్లో అందాలి. టికెట్ కౌంటర్ పక్కన యాత్రికులకు కనబడేలా అతికించాలి. కింద ఒక ఫోన్ నంబర్ ఉండాలి. సిబ్బందిలో ఎవరైనా పేరు చెప్పకుండా ఆ నంబర్‌కు ఫోన్ చేసి ‘ఈ లాంచీ బాగాలేదు’ అంటే, తనిఖీ అయ్యేదాకా అది రేవు దాటకూడదు.