ఎంజైములు పెరిగితే చేప బాగున్నట్టేనా?

మూసీ లాంటి మురుగు నీళ్లలో బతికే చేపల్లో కణాలను విషం దెబ్బ నుంచి కాపాడే ఎస్‌ఓడీ (సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్), కెటలేజ్ ఎంజైములు పెరుగుతాయి కాబట్టి అవి విషానికి అలవాటు పడ్డట్టే అని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. మిగతాదంతా బాగుంది కానీ ఈ ఒక్క మాట దగ్గరే నాకు పేచీ.

పీజీలో కాడ్మియం అనే విషలోహం కలిపిన తొట్టెల్లో బొచ్చె పిల్లలను ఉంచి, వాటి కాలేయాలను ఐసు మీద నూరి, 240 నానోమీటర్ల కాంతి దగ్గర కెటలేజ్ రీడింగులు తీసినవాణ్ణి. మొదటి రోజుల్లో పెరిగింది, మేమూ సంబరపడ్డాం. వారాలు గడిచేకొద్దీ పడిపోయింది. ఎస్‌ఓడీ కణాలను దెబ్బతీసే సూపర్ ఆక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారిస్తే, కెటలేజ్ దాన్ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. కాడ్మియం, పాదరసం లాంటివి కణాలను కాపాడే గ్లూటాథయోన్ అనే పదార్థంలోని గంధకాన్ని పట్టుకుని వదలవు. దాంతో రక్షణ సరుకే తరిగిపోతుంది. అందుకే కెటలేజ్ తక్కువ ఉందంటే నీళ్లు శుభ్రమనీ కావచ్చు, చేప పని అయిపోయిందనీ కావచ్చు! కణజాలంలో లోహం ఎంతుందో, కొవ్వులు ఎంత దెబ్బతిన్నాయో కూడా కొలవకుండా ఏదీ తేల్చలేం.

ఇలాంటి చేపల్ని తినొచ్చా అని ఆ వ్యాసం కింద ఒకరు అడిగారు. కాడ్మియం, సీసం కండలో కంటే కాలేయం, మూత్రపిండాలు, మొప్పల్లోనే ఎక్కువ చేరతాయి. పులుసు పెట్టేముందు అవి తీసేస్తే కొంత నయం. పాదరసం సంగతి వేరు. మిథైల్ రూపంలో అది కండలోనే ఉంటుంది, ఉప్పూ పసుపూ వేసి ఎంత కడిగినా పోదు. అందులోనూ చిన్న చేపల్ని తినే కొరమీనులో ఎక్కువ పోగుపడుతుంది. నాకేమో అదే ఇష్టం.