పట్టపగలే చుక్కలు

నేను తీసిన ఫోటో చూసి కొందరు "నువ్వు తీయడమేమిటి?" అంటున్నారు. అభియోగం తీవ్రమైనది. కాబట్టి నా వాంగ్మూలం రికార్డులో ఉండాలి.

ఫోటో కరీనా నీహారికది. ఆ మాట అనగానే మా ఆవిడ "ఎవరా ఇద్దరూ?" అంది. ఇద్దరు కాదు, ఒకటే మేఘం, ఏడున్నర వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అందులో కొత్త నక్షత్రాలు పుడుతుంటాయి అని చెప్పాక శాంతించింది.

హైదరాబాద్‌లో అది దక్షిణాన 13 డిగ్రీలకు మించి పైకి రాదు. మాకు ఆ ఎత్తులో ఎదురింటి వాటర్ ట్యాంకు ఉంది. అందుకని చిలీలో ఒక టెలిస్కోపును, ఇంట్లోంచే ఇంటర్నెట్‌లో నడిపేలా, గంటల లెక్కన అద్దెకు తీసుకున్నాను. మార్చిలో అక్కడ అర్ధరాత్రి దాటిన అరగంటకు కరీనా బాగా పైకొస్తుంది. మనకప్పుడు ఉదయం తొమ్మిది, అంటే ఆఫీసు మీటింగు. మేనేజర్ నాకు పగలే చుక్కలు చూపించడం మామూలే. ఈసారి సొంత డబ్బుతో చూశాను.

లకాయ్ అనే ఫ్రెంచి పాద్రీ దక్షిణాది చుక్కలు లెక్కపెట్టడానికి ఆఫ్రికా కొస దాకా ఓడెక్కి వెళ్లి, 1752లో దీన్ని కనుక్కున్నాడు. పాపం, ఆయనకు లాగిన్ లేదు.

కష్టపడలేదంటారా? ఒక్కో మూలకం వెలుగును విడిగా పట్టే ఫిల్టర్లు ఎంచాను. ఒక్కో ఎక్స్‌పోజరు 5 నిమిషాలని టైపు చేశాను. మబ్బు పడితే ఎలాగని టెన్షన్ పడ్డాను. ఇంట్లో కూర్చుని గోత్రనామాలు పంపితే అర్చన మన పేరిట జరిగినట్టే కదా? పుణ్యం పూజారి ఖాతాలో వేస్తున్నామా?

అసలు పని రంగుల దగ్గర. కెమెరా ఇచ్చేది నలుపు తెలుపే. హైడ్రోజన్ వెలుగు 656 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే ఎరుపు. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు వాళ్ల పద్ధతిలో దానికి ఆకుపచ్చ ఇవ్వాలి. గంధకానిదీ ఎరుపే, కానీ దాని ఎరుపు దానికే ఉంచుతారు. ఎందుకని అడక్కండి, కోటా. ఆక్సిజన్‌కు నీలం. అన్నీ కలిపితే, హైడ్రోజనే ఎక్కువ కాబట్టి, ఆకాశం పెసరట్టులా తేలింది. అప్పుడు మనమే ఇచ్చిన ఆ పచ్చదనాన్ని మనమే గీకి తీసేయాలి. మూడు రాత్రులు కూర్చుని పెసరట్టును బంగారం చేశాను. దీన్ని అబద్ధం అనకూడదు, ప్రాసెసింగ్ అనాలి.

ఇంతలో మా వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి అదే టెలిస్కోపు, అదే రాత్రి, అదే డేటా కొనుక్కుని, నీలం కాస్త పెంచి "నేను తీసింది" అని పెట్టాడు. ఎంత అన్యాయం! షటర్ తెరుచుకున్నప్పుడు నేను కనీసం మీటింగులో మేలుకుని ఉన్నాను. ఆయనకు ఆ రోజు సెలవట, పదింటిదాకా పడుకున్నాడు.