లైన్లో నిలబడ్డవాళ్ల ధీమా

‘మేం లైన్లో నిలబడి వచ్చాం, వాళ్లు గోడ దూకారు.’ కాగితాలు లేకుండా వచ్చినవాళ్ల గురించి అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ల నోట తరచూ వినపడే మాట ఇది. 2025 ఫిబ్రవరిలో కాగితాలు లేవని 104 మంది భారతీయులకు బేడీలు వేసి, సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దింపినప్పుడు కూడా వినపడింది. అలా అనేవాళ్లు వలసదారుల కథలతో 2009లో వచ్చిన ‘క్రాసింగ్ ఓవర్’ సినిమా ఒకసారి చూస్తే బాగుంటుంది.

గొప్ప సినిమా అని మేం అనడం లేదు. లాస్ ఏంజెలెస్ అంత మహానగరంలో ఇన్ని దేశాల మనుషులు ఒకరికొకరు అంత తేలిగ్గా తారసపడటం నమ్మబుద్ధి కాదు. హారిసన్ ఫోర్డ్ వేసిన ఇమ్మిగ్రేషన్ అధికారి మనోవేదన మీద ఉన్న శ్రద్ధ, అతని బృందానికి పట్టుబడ్డ మెక్సికన్ తల్లి మీద లేదు. అయితే దర్శకుడు వేన్ క్రేమర్ స్వయంగా దక్షిణాఫ్రికా నుంచి వలస వచ్చినవాడు. గ్రీన్ కార్డు, అంటే శాశ్వతంగా ఉండే అనుమతి, ఎవరికి ఎలా దక్కుతుందో ఆయనకు బాగా తెలుసు.

ఇందులో ఓ బ్రిటిష్ కుర్రాడు దేవుణ్ని నమ్మడు. యూదుల బడిలో ఉద్యోగం చూపించి కార్డు అడుగుతాడు. అధికారి ప్రార్థన చదవమంటే నోటికొచ్చింది రాగం తీస్తాడు. పక్కనే ఉన్న మతగురువుకు సంగతి తెలిసిపోతుంది. అయినా బాగుందనేసి, బయటికొచ్చాక పాఠాలకు రమ్మంటాడు. కార్డు వచ్చేస్తుంది. అదే ఊళ్లో, పసితనంలోనే అమెరికా వచ్చేసిన బంగ్లాదేశ్ అమ్మాయి తస్లీమా, సెప్టెంబరు 11 దాడి చేసినవాళ్ల మనసు అర్థం చేసుకోవాలని క్లాసులో వ్యాసం చదివినందుకు దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇంటికొస్తుంది. చివరికి తల్లీకూతుళ్లు దేశం వదలాలి. అక్కడే పుట్టిన పిల్లలతో తండ్రి ఉండిపోవాలి. అబద్ధం గట్టెక్కింది, స్కూలు వ్యాసం కొంప ముంచింది.

తస్లీమా లాంటి పిల్లలు మన లైన్లోనూ ఉన్నారు. ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికైనా 7 శాతమే పరిమితి. అందుకే మనవాళ్ల నిరీక్షణ దశాబ్దాలకు పాకింది. ఈలోగా హెచ్4 (ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చిన పిల్లలకు 21 నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది. ఏ తప్పూ చేయకుండానే ‘స్టేటస్’ (అక్కడ ఉండే అనుమతి) టెన్షన్ మొదలవుతుంది.

ఫార్మింగ్టన్ ఉదంతం ఇంకా ఘోరం. మిషిగన్‌లో ఆ పేరుతో నకిలీ విశ్వవిద్యాలయం పెట్టి నడిపింది అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే. చేరినవాళ్లు సుమారు 600 మంది, వాళ్లలో తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2019 జనవరిలో అరెస్టులు మొదలయ్యాయి. క్లాసులు లేవని తెలిసే చేరారన్నది ప్రభుత్వ వాదన. కొందరి విషయంలో నిజమే కావచ్చు. కానీ ఫీజులు వసూలు చేసిందీ, గుర్తింపు ఉందని నమ్మించిందీ ప్రభుత్వమే కదా! ఫీజు కట్టిన విద్యార్థుల దావా ముందుకు సాగవచ్చని 2024లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. వీసా స్టాంపుతో విమానం ఎక్కినవాళ్లను కూడా ఒక్క పూటలో ‘అక్రమం’ జాబితాలోకి నెట్టేయొచ్చని ఆ కేసు చూపించింది.

అప్పట్లో అక్కడి తెలుగు సంఘాలు లాయర్లను వెతికిపెట్టాయి, మెచ్చుకోవాల్సిందే. ఆ సాయం మనవాళ్లు చిక్కుల్లో పడ్డప్పటికే పరిమితం కాకూడదు. మహాసభల వేదికకూ, సినీ తారలకూ పెట్టే ఖర్చులో కొంత తీసి, కాగితాలు ఉన్నా లేకపోయినా ఎవరైనా అడగగలిగే శాశ్వత న్యాయసహాయ నిధి పెట్టాలి. అది సంఘాలకు తలకు మించిన పనేమీ కాదు.