తెర వెనక చెయ్యి

(ఆపెరాలో, అంటే పాటలతో నడిచే పాశ్చాత్య నాటకంలో, కోరస్ అనే గాయక బృందం చేత పాడించే కోరస్ మాస్టర్లది కూడా, కర్ర ఊపుతూ ఆర్కెస్ట్రాని నడిపే కండక్టరు వృత్తేనా? కాదంటాడు మామయ్య. ‘ఎందుకు కాదు?’ అంటుంది మేనకోడలు.)

మామయ్య: వారాల తరబడి గొంతులు అరగదీయించేది ఒకడు. ప్రదర్శన రాత్రి కర్ర పట్టుకుని నిలబడేది ఇంకొకడు. వంట చేసినవాడికి విస్తరే లేదు. దీన్ని వృత్తంటావా, వెట్టంటావా?

మేనకోడలు: వెట్టయితే విల్‌హెల్మ్ పిట్జ్ ఇరవయ్యేళ్ళు చేస్తాడా మామయ్యా? యుద్ధం తర్వాత 1951లో జర్మనీలో బైరాయిట్ వాగ్నర్ ఆపెరాల ఉత్సవం మళ్ళీ మొదలైనప్పటి నుంచి 1971 దాకా కోరస్ ఆయనదే. 1957లో లండన్లో ఫిల్‌హార్మోనియా కోరస్ పెడుతూ ఆయన్నే పిలిపించుకున్నారు.

మామయ్య: ఆ కోరస్ పాడిన బీథోవెన్ తొమ్మిదో సింఫనీని జనం ఏమంటారు? కండక్టరు క్లెంపరర్ పేరుతో క్లెంపరర్ రికార్డంటారు. పిట్జ్ రికార్డని ఎవరన్నా అన్నారా?

మేనకోడలు: పేరు సంగతి తర్వాత, ముందు పని చూడండి. కోరస్ రంగం వెనక నుంచి పాడాలనుకోండి. వాళ్ళకి కండక్టరు కనపడడు. కోరస్ మాస్టరు ఒక చిన్న టీవీలో ఆయన చేతిని చూస్తూ ఇక్కడ తన చెయ్యి ఆడిస్తాడు. ఆ చేతితో సరిగ్గా కలిపాడా, కొంప మునిగినట్టే! శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే కదా. 34 మీటర్ల దూరముంటే పాట పదోవంతు సెకను వెనకబడి చేరుతుంది. అందుకని ఆ కాస్తా ముందే ఎత్తుకోవాలి. తన చెవికి తప్పుగా వినపడుతున్నా చెయ్యి తడబడకూడదు.

మామయ్య: నేర్పు కాదన్లేదమ్మా. పూచీ మాటేమిటి? ఆ రాత్రి అభాసైతే తల దించుకునేది కండక్టరేగా!

మేనకోడలు: 1977 అక్టోబరు 31, న్యూయార్క్ కార్నెగీ హాలు. మాలర్ ఎనిమిదో సింఫనీ. రెండు పెద్ద కోరస్‌లు, పిల్లల కోరస్, ఎనిమిది మంది సోలో గాయకులు. కండక్టరు సోల్తీ కిందపడి దెబ్బ తగిలించుకున్నాడు. షికాగో సింఫనీ కోరస్ డైరెక్టరు మార్గరెట్ హిల్లిస్ వేదికెక్కి మొత్తం నడిపించింది.

మామయ్య: ఒక్క రాత్రి!

మేనకోడలు: ఆవిడ ఆశపడింది ఆర్కెస్ట్రా నడపటానికే. యుద్ధకాలంలో నౌకాదళ పైలట్లకు విమానం నడపటం నేర్పిన మనిషి. అయినా ఆడవాళ్ళకి ఆ కర్ర ఇచ్చే రోజులు కావు, కోరస్ వైపు తిరిగింది.

మామయ్య: చూశావా, దారి మూసేస్తే వచ్చిందని నువ్వే అంటున్నావు.

మేనకోడలు: వచ్చింది అలాగే. 1957 నుంచి 1994 దాకా ఉండి, తొమ్మిది గ్రామీ సంగీత అవార్డులు తెచ్చింది. దారి లేక అన్నేళ్ళుంటారా ఎవరైనా?

మామయ్య: సరే. కార్నెగీ మర్నాడు పేపర్లో పడిందా ఆవిడ పేరు?

మేనకోడలు: న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో!

మామయ్య: కోరస్ చేత చక్కగా పాడించి తెర వెనకే ఉండిపోయిన రాత్రుల మాటో?

మేనకోడలు: ...పడలేదు మామయ్యా.